ఎవరిదీ కాని మచ్చ

దంతవైద్యశాల, మేడ మీది ఎక్స్‌రే గది
జూన్ 2

అక్కా,

బావ క్షేమంగా కొండ మీది పంపుహౌస్‌కి చేరారనుకుంటాను. మందుల పొట్లం వ్యాను సీటు మీద వదిలెయ్యలేదు కదా? తన తల మెడ మీదే ఉందో లేదో కూడా ఆయనకి నువ్వే చూసి చెప్పాలి.

ఇక్కడ ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాయమన్నావట. రాస్తున్నాను. మొన్న శనివారం మెట్ల మీద దాకా జనం. బావకి ఫొటో నేనే తీశాను. మా దగ్గర ఇప్పుడు ఫిల్ములు లేవు. పోస్టల్ స్టాంపుకన్నా కాస్త పెద్దగా, ఆకులా వంగే ప్లేట్లు వచ్చాయి. ప్లేటుని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నోట్లో పంటి పక్కన నిలబెట్టి, ఎక్స్‌రే కొట్టాలి. తర్వాత కవరు చింపి, ప్లేటు మొహం మీద వేలు పడకుండా స్కానర్లోకి జార్చాలి. స్కానర్ దాని మీది బొమ్మని చదివి కంప్యూటర్‌కి ఇచ్చి, వెంటనే గట్టి వెలుతురుతో తుడిచేస్తుంది. ప్లేటు మళ్ళీ ఖాళీ, ఇంకొకరి నోటికి సిద్ధం. మా పాత ప్లేట్ల మీద ఎంతమంది కొరికిన గాట్లున్నాయో చూస్తే నవ్వొస్తుంది.

"నోరు తెరవండి బావా" అంటే, "ఇంట్లో మీ అక్క మూయమంటుంది, ఇక్కడ నువ్వు తెరవమంటావు. ఇద్దరూ ఒక మాట మీదికి రండి" అన్నారు. వరుసలో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. అప్పటికే స్కానర్ మొరాయించింది. ఆపి మళ్ళీ పెడితే దారికొచ్చింది.

డాక్టరుగారు ఫొటో చూసి ఎముక భేషుగ్గా ఉందన్నారు. చిగురు వాచిందట, అంతే. వారం మందులు వాడితే చాలట. కాబట్టి నువ్వు కంగారుపడకు. నీ కంగారు చూసి బావ కంగారుపడతారు.

నీ చెల్లి


పంపుహౌస్ క్వార్టర్స్
జూన్ 12

చెల్లికి,

నీ ఉత్తరం వ్యాను డ్రైవరు చేతికిచ్చాడు. మీ బావకి చదివి వినిపించాను. "నా జోకుల్ని కాగితం మీదికి ఎక్కించింది, అది పైకొస్తుంది" అన్నారు.

మందులు పనిచేశాయి. నొప్పి సగానికి సగం తగ్గింది. నాకు గుండెల మీద బరువు దిగింది. నువ్వక్కడ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ జనంలో ఈయన వంతు ఎప్పటికొచ్చేది? సొంత మనిషి చేతిలో పడ్డారు, అదే నా ధైర్యం.

ఇక్కడ చెరువు అడుగంటుతోంది. మూడు పంపుల్లో ఒకటి మూలుగుతోంది, ఒకటి దగ్గుతోంది. రెండో ఆపరేటరు సెలవు పెట్టి వెళ్ళాడు. వానలు పడేదాకా మీ బావ మీట వదిలి కదలడానికి లేదు. కింద ఊరికంతటికీ నీళ్ళు ఈ చేతుల మీదుగానే పోవాలి కదా. ఫోనంటావా, అది గుమాస్తా బల్ల మీద ఉంది. అతను విన్నది సాయంత్రానికి అన్ని క్వార్టర్లకీ చేరుతుంది. ఉత్తరమే నయం.

కిటికీలకి కర్టెన్లు కుడుతున్నాను. ఆకుపచ్చా, బూడిదరంగా అని తేలక రోజంతా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. నువ్వు చెప్పు.

నీ అక్క


ఎక్స్‌రే గది
జూన్ 20

అక్కా,

ఆకుపచ్చే. ఇంకో మాట లేదు.

ఇక్కడ మనసేం బాగాలేదు. మా వీధి చివర దర్జీ గురించి చెప్పాను కదా, నా తెల్లకోట్లు కుట్టేవాడు. బావ వచ్చిన రోజే అతనూ వచ్చాడు. అతనికీ ఎడమవైపు కింది దవడే. ఫొటోలో పళ్ళ వేర్ల కింద బొటనవేలు అద్దినట్టు నల్లటి మచ్చ ఉంది. చుట్టూ అంచులు చెదలు కొరికినట్టున్నాయి. డాక్టరుగారు మొన్న తీరిగ్గా ఫైళ్ళు చూస్తుంటే కంటపడింది. అతన్ని పిలిపించి పెద్దాసుపత్రికి చీటీ రాశారు.

"ఇది ఏమైనా చెడ్డదా అమ్మా?" అని దర్జీ నన్నడిగాడు. "పెద్ద డాక్టర్లు చూస్తారు" అన్నాను. అతను మెట్ల మీద కూర్చుని, తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయాడు. జబ్బు దవడలో ఉంటే చేతులెందుకు చూసుకుంటున్నాడో నాకర్థం కాలేదు.

దుకాణం మూసేశాడు. ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టకుండానే తిరిగిచ్చేస్తున్నాడట.

నీ చెల్లి


పంపుహౌస్ క్వార్టర్స్
జులై 3

చెల్లికి,

దర్జీ సంగతి చదివి నాకూ ఆ పూట ముద్ద దిగలేదు. అతని కబురు తెలిస్తే రాయి.

మీ బావకి నొప్పి పూర్తిగా పోయింది. సంతోషించాలి. కానీ చెల్లీ, నిన్న ఆయన గడ్డం గీసుకుంటున్నారు. నేను తువ్వాలు ఇవ్వబోయి చూస్తే కింది పెదవి దగ్గర తెగి, రక్తం గడ్డం మీదుగా చొక్కా దాకా కారుతోంది. ఆయన మాత్రం అద్దంలోకి చూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. "రక్తం!" అంటే, "ఎక్కడ?" అన్నారు. అద్దం చూస్తూనే చూడలేదు. తెగినట్టే తెలియలేదట.

ఎడమవైపు పెదవి మొద్దుబారినట్టుందట. టీ తాగుతుంటే ఆ మూల నుంచి కారిపోతుంది, ఆయనకి తెలీదు. నేను తుడుస్తుంటే చిన్నపిల్లాడిలా మొహం అప్పగిస్తారు. నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నొప్పి ఉన్నప్పుడే నయమనిపిస్తోంది నాకు. ఇది మందుల వల్లేనా? మీ డాక్టరుగారిని అడుగు.

నీ అక్క


ఎక్స్‌రే గది
జులై 9

అక్కా,

దర్జీకి ఏమీ లేదు! పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. దవడ శుభ్రంగా ఉందట. పూలూ పళ్ళూ పట్టుకొచ్చి డాక్టరుగారి బల్ల నింపేశాడు. నన్ను చూసి, "అమ్మా, నేను ఇరవై రోజులుగా చచ్చి బతికానమ్మా" అని ఏడ్చాడు.

డాక్టరుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ప్లేటు పాడైపోయింది, ఆ మచ్చ దానిదే" అని, ఆ బాపతు ప్లేట్లన్నీ చెత్తబుట్టలో వేయించారు. సాయంత్రం అందరూ వెళ్ళాక నేను వాటిని ఏరి, ఖాళీగా ఎక్స్‌రే కొట్టి చూశాను. గీతలున్నాయి, పంటిగాట్లున్నాయి. మచ్చ ఒక్కదాని మీదా లేదు.

పోనీలే, మనకెందుకు.

బావ పెదవి సంగతి మందుల వల్లే అయ్యుంటుంది. అన్నట్టు, బావ కార్డులో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఎడమవైపు కింద ఎప్పుడైనా పన్ను తీయించుకున్నారా? ఊరికే, కార్డు నింపడానికి.

నీ చెల్లి


పంపుహౌస్ క్వార్టర్స్
జులై 15

చెల్లికి,

నీకు గుర్తులేదూ? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. మా పెళ్ళయిన నెలకే జ్ఞానదంతం పీకించుకున్నారు కదా! మొహం ఒకవైపు గుమ్మడికాయలా వాచిపోయింది. కొత్తజంట ఫొటో తీయించుకుందామని స్టూడియోకి వెళితే, ఫొటోగ్రాఫరు ఈయన్ని చూసి, "అమ్మాయిగారు నిజంగా ఇష్టపడే చేసుకున్నారా?" అని అడిగాడు. ఆ ఫొటో ఇప్పటికీ గోడ మీద ఉంది. చూస్తూనే రాస్తున్నాను. ఎడమవైపు, కింద, అన్నిటికంటే వెనకది. నీ గడిలో రాసుకో.

డాక్టరుగారిని పెదవి గురించి అడిగావా? రాయలేదేం?

నీ అక్క


ఎక్స్‌రే గది
జులై 20

అక్కా,

నీ ఉత్తరం అందింది. గడి నింపేశాను.

కర్టెన్లు పూర్తయ్యాయా? ఆకుపచ్చే కుట్టావా? కిటికీకి ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉన్నాయో రాయి.

బావని ఒకసారి కిందికి రమ్మను. పళ్ళు శుభ్రం చేయించుకుని పోవచ్చు, డాక్టరుగారు కూడా రమ్మంటున్నారు. ప్రత్యేకంగా ఏమీ లేదు. వీలైనంత తొందరగా వస్తే మంచిది. వానల దాకా ఆగాల్సిన పనేముంది?

నీ చెల్లి


పంపుహౌస్ క్వార్టర్స్
జులై 27

చెల్లికి,

పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి పంపు ఆపి రావాలా? "మరదలికి మతి పోయింది" అంటున్నారు మీ బావ. రెండో ఆపరేటరు ఇంకా రాలేదు. చెరువులో నీళ్ళకంటే బురదే ఎక్కువుంది. పది రోజులాగమంటున్నారు.

కానీ ఎడమ చెంప కింద గట్టిగా, గోలీకాయంత తగులుతోంది. నొక్కితే నొప్పి లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు అలా రాయవు. డాక్టరు ఏమన్నారో రాయలేదు, దర్జీ ఊసు లేదు, నీ గది ఊసు లేదు, కర్టెన్లట! చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి, వాకిట్లోకొచ్చి నాకు జడ వేస్తానన్నావు. అలా ఉంది. ఏమైనా దాస్తున్నావా? నా మీద ఒట్టు, చెప్పు.

నీ అక్క


ఎక్స్‌రే గది
ఆగస్టు 1

అక్కా,

అయ్యో, దాచడానికి ఏముంది? ఒట్లెందుకు మధ్యలో. పని ఎక్కువై చెయ్యి తిరగక పొట్టిగా రాశాను. కొత్త ప్లేట్లు వచ్చాయి, కొత్త పెట్టె వచ్చింది. అన్నీ సర్దుకునేసరికి తల ప్రాణం తోకకొస్తోంది.

చెంప కింద గట్టిగా ఉంటే అది చిగురు వాపే అయ్యుంటుంది. అయినా బావని పంపు. పది రోజులెందుకు, రేపే పంపు.

నీ చెల్లి


పంపుహౌస్ క్వార్టర్స్
ఆగస్టు 7

చెల్లికి,

ఈ పొద్దున టిఫిన్ తింటూ మీ బావ నోట్లో వేలు పెట్టుకున్నారు. తీసి చూస్తే వేళ్ళ మధ్య పన్ను ఉంది. పెద్ద దవడ పన్ను, వేర్లతో సహా. రక్తం చుక్క రాలేదు. నొప్పి లేదు. దాన్ని పళ్ళెం పక్కన పెట్టి, "ఇది నాదేనా?" అని నన్నడిగారు.

మొదటిసారి ఆయన నవ్వలేదు.

అక్క


ఎక్స్‌రే గది
ఆగస్టు 10

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. చదవగానే గుమాస్తాకి ఫోన్ చేశాను. "ఆపరేటరుగారిని ఈ రోజే పెద్దాసుపత్రికి పంపండి, పంపులు ఆగితే ఆగనివ్వండి" అని చెప్పాను. ఎందుకో అతనికి చెప్పలేదు, నీకు చెప్తున్నాను. వ్యాను డ్రైవరు ఈ కాగితం నీ చేతికే ఇస్తాడు. బావ పక్కన లేనప్పుడు చదువు.

దర్జీ ఫొటోలో కనబడ్డ మచ్చ బావది.

ఆ శనివారం దర్జీకి ఎక్స్‌రే కొట్టాను. ప్లేటు కవరు చింపాను. స్కానర్ ఆగిపోయింది. వెలుతురు తగలకుండా ఆ ప్లేటుని నల్లపెట్టెలో పెట్టాను. జనం తోసుకుంటున్నారు. ఈలోగా బావని కూర్చోబెట్టి ఆయనకీ కొట్టాను. ఆ కవరూ చింపి అదే పెట్టెలో వేశాను. ప్లేటుతో పాటు పేరు రాసిన చీటీ పెట్టాలి. నేను పెట్టలేదు. బావ జోకుకి నవ్వుతున్నాను. స్కానర్ మళ్ళీ నడిచేసరికి పెట్టెలో రెండు ప్లేట్లున్నాయి, రెండూ ఒక్కలాంటివే. తెర మీద దర్జీ పేరు ఉంది. పైదా, కిందదా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఒకటి తీసి జార్చేశాను. ఇద్దరికీ మళ్ళీ తీసి ఉంటే నాలుగు నిమిషాలు పట్టేది.

దర్జీ కొత్త స్కాన్ వచ్చినప్పుడు పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. కొత్తదాంట్లో చివరి జ్ఞానదంతం ఉంది. మచ్చ ఉన్నదాంట్లో లేదు. ఊడిన పన్ను నెలలో మొలవదు కదా. ఆ రోజు ఎడమ దవడ ఫొటోలు రెండే తీశాను. అందుకే నిన్ను కార్డులో గడి అని అడిగాను. నీ జవాబు జులై పద్దెనిమిదిన అందింది. బావ పేరున్న ఫొటో తెరిచాను. జ్ఞానదంతం నిటారుగా నిలబడి ఉంది.

వెంటనే డాక్టరుగారికి చెప్పాను. ఆయన తలుపు వేసి, "ఇది ఎవరెవరికి తెలుసు?" అన్నారు. "మీకూ నాకూ సార్" అన్నాను. "మీ బావే కదా, బయటివాళ్ళు కాదు. శుభ్రం చేస్తామని పిలువు. కొత్తగా ఫొటో తీద్దాం, అప్పుడే కనబడినట్టు ఉంటుంది. అనవసరంగా అల్లరెందుకమ్మా? నీ ఉద్యోగం, నా పేరు, రెండూ గంగలో కలుస్తాయి" అన్నారు.

ఆయన మీదికి నెట్టడానికి రాయడం లేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఫోన్ నా బల్ల మీదే ఉంది. నీకెలా చెప్పాలో తెలియలేదు. సొంత మనిషి చేతిలో పడ్డారని రాశావు కదా. ఆ వాక్యం చూసినప్పుడల్లా రేపు, రేపు అనుకున్నాను.

నేను ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను.

చెల్లి


పెద్దాసుపత్రి, నాలుగో అంతస్తు
ఆగస్టు 29

చెల్లికి,

గేటు దగ్గర నిన్ను చూశాను. ఆ రోజూ చూశాను, ఆ తర్వాతా చూశాను. పలకరించలేదు. వార్డులోకి రానివ్వొద్దని నర్సుకి చెప్పింది నేనే.

ఆపరేషన్ అయి వారమైంది. ఎడమవైపు దవడ సగం తీసేశారు. మెడ నుంచి చెవి దాకా కుట్లున్నాయి. ముక్కులోంచి గొట్టం వేశారు. మాట రాదు. పలక మీద రాస్తారు. స్పృహ రాగానే మొదట రాసింది "పంపులు ఎవరు చూస్తున్నారు?" అని.

సర్జన్‌ని అడిగాను. "జూన్‌లోనే వచ్చుంటే?" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "అప్పుడైతే తక్కువ తీసేవాళ్ళం" అన్నారు. "జులైలో వచ్చుంటే?" అన్నాను. "అమ్మా, ఇలాంటి లెక్కలు వేసుకోకండి" అన్నారు.

నేను వేసుకున్నాను. ప్లేట్లు తారుమారవడం ఒక తప్పు. చేతులున్నవాళ్ళు చేస్తారు. అది చదివినప్పుడు నాకు నీ మీద కోపం కూడా రాలేదు, ఒట్టు. కానీ జులై పద్దెనిమిది నుంచి ఆగస్టు పది దాకా ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజుల్లో నువ్వు నాకు రెండు ఉత్తరాలు రాశావు. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటాను. "కర్టెన్లు పూర్తయ్యాయా?" నా మీద ఒట్టు పెట్టి అడిగితే, "దాచడానికి ఏముంది?"

ఫొటో తారుమారైందని మీ బావకి చెప్పాను. ఇరవై మూడు రోజుల సంగతి చెప్పలేదు. ఆయన కోలుకోవాలి, నిన్ను తిట్టుకుంటూ పడుకోకూడదు. నువ్వూ చెప్పకు. ఇప్పుడే రాకు. ఎప్పుడు రావాలో నేను రాస్తాను.

అక్క


అద్దె గది
సెప్టెంబరు 5

అక్కా,

రమ్మనేదాకా రాను.

జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, వైద్యుల మీద ఫిర్యాదులు చూసే కార్యాలయంలో ఇచ్చాను. నా పేరే మొదట రాశాను. ఎక్స్‌రే గదికి తాళం వేశారు. ఆ శనివారం ఫొటో తీయించుకున్న వాళ్ళందరినీ మళ్ళీ పిలుస్తున్నారు. డాక్టరుగారు నాతో ఒకే ఒక మాటన్నారు, "నీ అంత మూర్ఖురాలిని చూడలేదు" అని. దర్జీకి నేనే వెళ్ళి చెప్పాను. అతను విని, "మరి ఆయన ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆ బరువు కూడా నీ నెత్తినే పెట్టినట్టవుతుంది.

చెల్లి


పెద్దాసుపత్రి, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 14

మరదలికి,

చేతిరాత చూసి భయపడకు. పడుకుని రాస్తున్నాను.

మీ అక్క మందుల కోసం కిందికి దిగినప్పుడల్లా ఆమె సంచీలోంచి ఒక్కో ఉత్తరం తీసి చదివాను. నువ్వు రాసినవన్నీ అయిపోయాయి, తేదీలు లెక్కేసుకున్నాను. ఇరవై మూడు రోజుల సంగతి నాకు తెలియదని మీ అక్క అనుకుంటోంది. అలాగే అనుకోనీ, ఆమెకి అదొక తృప్తి.

నీ మీద కోపం ఉంది. లేదని రాస్తే అబద్ధం. నోరు బాగుంటే నాలుగు తిట్టేవాణ్ణి. నీ అదృష్టం, సగమే మిగిలింది.

సోమవారం నాడు కుడివైపు ఫొటో తీశారు. ఇక్కడి అమ్మాయి ప్లేటుతో పాటు నా పేరు చీటీ పెట్టిందో లేదో రెండుసార్లు చూశాను. పెట్టింది. కుడి దవడ చివర చిన్న మచ్చ ఉందట. ఏమిటో ఇప్పుడే చెప్పలేమని, ముక్క తీసి పరీక్షకి పంపుతామని సర్జన్ అన్నాడు. ఆ సమయానికి మీ అక్క నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చాక చెబుదామని పలక మీద రాశాను. ఆమె నా దుప్పటి సర్దుతూ, క్వార్టర్స్‌కి వెళ్ళగానే చేయాల్సిన పనులు ఒక్కొక్కటే చెప్పుకుపోతోంది. తుడిచేశాను. మర్నాడు రాశాను, తుడిచేశాను. నిన్నా అంతే. ఈ రోజుకి మూడు రోజులైంది. నీకు రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. తెలిసినంత మాత్రాన కోపం పోయిందనుకోకు.

మీ అక్క రమ్మనేదాకా ఆగొద్దు. నేను రమ్మంటున్నాను. గేటు దగ్గర నిలబడకు, నాలుగో అంతస్తుకి రా. తలుపు దగ్గర ఆమె అడ్డం నిలబడుతుంది, ఏదో ఒకటి అంటుంది. పడు. తర్వాత కుడివైపు సంగతి ఆమెకి చెప్పు. నాకు చేతకావడం లేదు. నువ్వే చెప్పాలి, వచ్చిన రోజే చెప్పాలి, కూర్చోకముందే చెప్పాలి.

బావ